రాత్రి రెండింటి బీపీ ఎవరు రాసినట్టు?

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్ రాసిన ఉత్తరం ఇది. తన పేరు, ఆసుపత్రి పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 44 ఏళ్ళు. సొంతూరు పరకాల దగ్గర. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివినప్పటి నుంచి వార్డుల్లోనే పని. ఇప్పుడు చేస్తున్నది ఆడవాళ్ళ మెడికల్ వార్డులో. 28 పడకలకు నైట్ డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. వానలు మొదలైతే భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే జ్వరం కేసులతో వరండాలో కూడా మంచాలు వేస్తారు.

కిందటేడు ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండు మధ్యాహ్నాలు ట్రైనింగ్ ఇచ్చి, రేపటి నుంచి అన్నీ కంప్యూటర్‌లోనే అన్నారు. కాగితం మాత్రం పోలేదు. పెద్ద డాక్టర్లు రౌండ్స్‌లో ఇంకా చేత్తోనే ఆర్డర్లు రాస్తారు కాబట్టి కేస్ షీట్ ఉండాల్సిందే. దాంతో టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టు, మందుల చార్టు, ఒంట్లోకి ఎంత నీరు పోయింది, ఎంత బయటికొచ్చింది అనే ఇన్‌టేక్ అవుట్‌పుట్, నర్సెస్ నోట్స్ అన్నీ రెండేసి సార్లు రాయాలి. నర్సింగ్ స్టేషన్‌లో ఉన్నది ఒక్క కంప్యూటర్. చక్రాల బండి మీద ఇంకొకటి ఉంది గానీ దాని బ్యాటరీ అర్ధరాత్రికే చచ్చిపోతుంది. ఉదయం ఎనిమిదికి తర్వాతి షిఫ్టు వాళ్ళకు డ్యూటీ అప్పగించి ఛార్జ్ ఇచ్చాక కూడా కూర్చుని ఎంట్రీలు పూర్తి చేస్తే ఇంటికి చేరేసరికి పదిన్నర. ఈమె ఒక్కో అక్షరం వెతుక్కుని కొడతారు. పక్కన పనిచేసే అమ్మాయి బీఎస్సీ చదివింది, రెండేళ్ళ సర్వీసు. "అక్కా, నీది నేను కొట్టేస్త తియ్" అంటుంది. పాస్‌వర్డ్ కీబోర్డు కింద చీటీ మీద రాసి ఉంటుంది. వార్డులో అందరివీ అంతే.

అసలు సంగతి ఒక రాత్రి జరిగింది. డెంగీతో చేరిన ఒకామెకు సాయంత్రం జ్వరం దిగింది. ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. రాత్రి పదింటికి బీపీ 110/70. రెండింటికి ఈమె చూస్తే 90/70, చేతులు చల్లగా ఉన్నాయి. కేస్ షీట్‌లో రాసి, వెంటనే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశారు. ఆయన వచ్చి సెలైన్ వేగం పెంచి, మూడు దాటాక ఐసీయూకు మార్చారు. ఆమె కోలుకుని ఇంటికి వెళ్ళింది. ఆ హడావుడిలో కంప్యూటర్ ముట్టుకోవడం కుదరలేదు. తెల్లవారి ఆరు దాటాక, ఈమె ఇంకో పడక దగ్గర ఉండగా, ఆ అమ్మాయి ఈమె లాగిన్‌లో రాత్రి ఎంట్రీలన్నీ ఎక్కించేసింది. పాత అంకెనే మళ్ళీ తెచ్చే బటన్ ఒకటుందట. అది నొక్కడంతో రెండింటి బీపీ కూడా 110/70 అని పడింది.

వచ్చే నెల ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) ఇన్‌స్పెక్షన్. ముందుగా ఫైళ్ళు చూస్తున్న క్వాలిటీ వాళ్ళకు ఈ తేడా కనపడింది. కంప్యూటర్‌లో ఆ రోజు ఎంట్రీలు లాక్ అయిపోయాయి కాబట్టి, "ఆ పేజీ కొత్తగ రాసి పెట్టమ్మా, రెండూ ఒక్కతీరుగ ఉండాలె" అని నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం చెప్పారు. రాయకపోతే ఆలస్యంగా ఎంట్రీ చేసినందుకు మెమో తప్పదన్నారు.

ఆమె అడుగుతున్నవి ఇవి: ఆ పేజీ మళ్ళీ రాయనా? రాయనంటే ఆ పిల్ల ఉద్యోగం పోతుందేమో. అన్నీ వదిలేసి, ఇంకా కాగితం మీదే నడిచే పరకాల నర్సింగ్ హోమ్‌కు పోనా? ఆ పాత పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోనా? చివర్లో ఒక మాట రాశారు: "ఇన్నేండ్లు నా చేతులతో చేసిందంతా ఆ స్క్రీన్ మీద ఎక్కడా కనపడదు. నాకే కంప్యూటర్ రాదు కాబట్టి తప్పు నాదేనేమో."

* * *

సిస్టర్,

మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. మీ ఉత్తరంలో మూడు వేరు వేరు సంగతులున్నాయి. మీకు టైపింగ్ నెమ్మది. ఒకే పని రెండుసార్లు చేయిస్తున్నారు. మీ పేరు మీద తప్పు అంకె పడింది, దానికి సరిపోయేలా నిజమైన అంకెను మార్చమంటున్నారు. మొదటిది మీ లోటు, కాదనను. రెండోది యాజమాన్యం లోటు. మూడోది లోటు కాదు, తప్పు. మీరేమో మొదటిదానికి సిగ్గుపడి, ఆ సిగ్గుతోనే మూడోదానికి ఒప్పుకునేలా ఉన్నారు. టైపింగ్ వచ్చిన మనిషికి ఇదే మాట చెప్పి ఉంటే ఆమె "ఎట్ల రాస్తాం మేడం" అని అక్కడే అనేది. మీరు ఆ మాట గొంతులోనే మింగారు.

ఇప్పుడు ఆ రెండు అంకెలు చూడండి. పది గంటలకు 110/70 అంటే పై అంకెకు, కింది అంకెకు మధ్య 40 ఉంది. రెండింటికి 90/70. మధ్యలో మిగిలింది 20. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజులే గండం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంటే మొదట కనపడేది ఈ దగ్గరవడమే. మనిషి మాట్లాడుతూనే ఉంటుంది, పై బీపీ మరీ పడిపోయినట్టు కూడా ఉండదు. ఇంటివాళ్ళు ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతుంటారు తప్ప ఈ అంకెల మధ్య దూరం ఎవరూ చూడరు. మీరు చూశారు. చేయి పట్టుకుని చల్లగా ఉందని కూడా చూశారు. డ్యూటీ డాక్టర్ని నిద్రలేపారు.

కంప్యూటర్‌లో ఉన్న 110/70 సరిగ్గా దాన్నే తుడిచేసింది. మీ చేతులతో చేసింది స్క్రీన్ మీద కనపడదని రాశారు కదా. ఆ రాత్రి మటుకు అది మాటవరసకు అన్నది కాదు, నిజంగానే కనపడదు. కనపడుతున్న చోటు ఆ కేస్ షీట్ పేజీ ఒక్కటే. మిమ్మల్ని మార్చమంటున్నదీ దాన్నే.

పేజీ మళ్ళీ రాస్తే ఏమవుతుంది? ఇన్‌స్పెక్షన్ వరకు చూస్తే ఏమీ కాకపోవచ్చు. రెండూ కలిశాయి, అందరూ సంతోషం. కానీ ఆ తర్వాత ఆ ఫైల్ తెరిచిన వాళ్ళకు ఏం కనపడుతుంది? పదింటికి బీపీ బాగుంది, రెండింటికీ బాగుంది, మూడు దాటాక పేషెంటును ఐసీయూలో వేశారు. ఎందుకు వేశారు? ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు. ఇంటివాళ్ళు అడుగుతారు, "బీపీ మంచిగనే ఉండె గద, ఐసీయూల ఎందుకేసిన్రు, బిల్లు కోసమా" అని. రోగి గానీ, వాళ్ళ తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అప్పుడు దిద్దిన పేజీ బయటపడితే ఆసుపత్రి మిగతా కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. జరిగింది మంచి వైద్యం. దాన్ని చెడ్డ వైద్యంలా కనపడేలా వాళ్ళే చేసుకుంటున్నారు. మేడంకు ఈ కోణం తట్టి ఉండదు, ఇన్‌స్పెక్షన్ టెన్షన్‌లో ఉన్నారు. మీరు చెప్పదగ్గ అత్యంత బలమైన మాట ఇదే, దీన్ని వాడుకోండి.

ఇక మీ వరకు. తప్పని తెలిసి రికార్డును మార్చి రాయడం ఫోర్జరీ కిందికి వెళ్ళగలదు. మార్చమన్న మాట నోటితో అన్నారు, మార్చిన అక్షరాలు మీవి. రేపు ఎవరైనా అడిగితే మేడం మాటకు సాక్ష్యం ఉండదు, మీ చేతిరాతకు ఉంటుంది. పైగా డాక్టరు నోట్స్, సెలైన్ ఆర్డరు, ఫోన్ కాల్ సమయం, ఐసీయూ అడ్మిషన్ నోట్స్, ఇవన్నీ 90/70 వైపే చూపిస్తుంటాయి. ఒక్క పేజీ మార్చి లాభం లేదు. ఐదారు చోట్ల మార్చాలి. మిమ్మల్ని అంతదూరం ఎవరూ అడగలేదు, మొదటి మెట్టు మాత్రమే అడిగారు.

రాయనని ఊరుకుంటే? అదీ ఒక దారే. చాలామంది అదే పట్టుకుంటారు, చూద్దాం లెండి మేడం అని రోజులు దొర్లిస్తారు. దాంతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఇన్‌స్పెక్షన్ దగ్గరపడ్డాక ఆ పేజీ ఇంకెవరి చేతికో వెళ్తుంది. అప్పుడు మీ పేరుతో ఇంకొకరు రాస్తారు. కంప్యూటర్‌లో ఒకసారి అదే జరిగింది కదా.

మూడో దారి ఉంది, మీకు నర్సింగ్ స్కూల్లో చెప్పిందే. కాగితం మీద తప్పు పడితే ఏం చేస్తాం? ఒక్క గీత కొట్టి, కిందిది కనపడేలా ఉంచి, పక్కన సరైనది రాసి, తేదీ, సమయం వేసి సంతకం పెడతాం. తర్వాత గుర్తొచ్చింది రాయాలంటే లేట్ ఎంట్రీ అని రాసి, రాసిన సమయం వేరు, జరిగిన సమయం వేరు అని చూపిస్తాం. కంప్యూటర్‌లోనూ ఇదే పద్ధతి. ఎంట్రీ లాక్ అయిందంటే చెరపడం కుదరదని అర్థం. వైద్య రికార్డుల సాఫ్ట్‌వేర్‌లలో సవరణగా కొత్త ఎంట్రీ జోడించే వీలు మామూలుగా ఉంటుంది. పాతది అలాగే ఉంటుంది, కొత్తది దాని కింద పడుతుంది, ఎవరు ఎప్పుడు ఏం చేశారో వెనకాల లాగ్‌లో నమోదవుతుంది. మీకు ఆ ఆప్షన్ కనపడకపోతే ఐటీ వాళ్ళ దగ్గర, లేదా ఇన్‌చార్జ్ లాగిన్‌లో ఉండొచ్చు. లేదన్నారంటే అడగండి, "లేదని రాసివ్వండి" అని. ఈ మాట అన్నాక చాలా ఆప్షన్లు దొరుకుతాయి.

తేడా ఉన్న రికార్డును, ఆ తేడా ఎందుకొచ్చిందో నిజాయితీగా రాసిన నోట్‌తో చూపిస్తే ఇన్‌స్పెక్షన్‌లో పరువు పోతుందని భయపడుతున్నారు. పొరపాట్లను రిపోర్టు చేసే పద్ధతి ఉందా, చేశాక ఏం మార్చారు అని చూడటం కూడా ఎన్‌ఏబీహెచ్ పరిశీలనలో భాగమే. పొరపాటే జరగని ఆసుపత్రి ఎక్కడా లేదని వచ్చేవాళ్ళకు తెలుసు. క్వాలిటీ విభాగంలో ఇన్సిడెంట్ రిపోర్ట్ ఫారం ఉంటుంది. అది నింపి ఇవ్వడం మీ హక్కు కూడా. అయితే దీనికీ ఖర్చు ఉంది, దాచను. మెమో రావచ్చు. కొన్నాళ్ళు మేడం ముఖం మాడ్చుకోవచ్చు. డ్యూటీ రోస్టర్‌లో ఆ కోపం కనపడవచ్చు. ఇంటి దగ్గర అప్పులు, పిల్లవాడి ఇంటర్ ఫీజు ఉన్నాయని రాశారు. అవన్నీ లెక్క వేసుకునే మీరు నిర్ణయించుకోవాలి. నేను అనేది ఒక్కటే: ఆలస్యంగా ఎంట్రీ చేసిన మెమోకు జవాబుంది. దిద్దిన పేజీకి జవాబు లేదు.

మెమో వస్తే జవాబు పొట్టిగా ఉండాలి. ఫలానా రాత్రి ఇన్ని పడకలు, ఇద్దరం ఉన్నాం, రెండింటికి ఫలానా పేషెంటు బీపీ ఇంత ఉంది, కేస్ షీట్‌లో నమోదు చేశాను, ఇన్నింటికి డ్యూటీ డాక్టరుకు చెప్పాను, ఆమెను మార్చేదాకా పక్కనే ఉన్నాను, అందువల్ల కంప్యూటర్ ఎంట్రీ ఆ సమయంలో చేయలేదు, తర్వాత జరిగిన ఎంట్రీలో అంకె తప్పుగా పడింది, సవరణకు అనుమతి కోరుతున్నాను. అంతే. తెలుగులో రాసినా ఫర్వాలేదు. క్షమాపణలు, కన్నీళ్ళు, ఇన్నేళ్ళ సర్వీసు, ఇవేవీ అందులో వద్దు. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.

ఆ అమ్మాయి సంగతి. "తర్వాత జరిగిన ఎంట్రీలో" అని రాయమన్నాను, కానీ ఎవరు చేశారని అడిగితే? మీరే చేశానంటే అదీ ఒక అబద్ధమే, ఈసారి ఆమెను కాపాడటానికి. ముందు ఆ పిల్లతో మాట్లాడండి, డ్యూటీలో కాదు, బయట. ఆమె మీ మీద అభిమానంతోనే చేసింది. మీ బదులు తను కష్టపడదామనుకుంది. కానీ చూడని బీపీని ఎక్కించింది. బహుశా ఆ బటన్ ఎంత ప్రమాదమో ఆమెకు ఇంకా తెలిసి ఉండదు. ఇప్పుడే తెలియడం ఆమెకు మంచిది. పేషెంటు బాగుంది కాబట్టి ఇది పాఠంతో పోతుంది. ఇంకో వార్డులో, ఇంకో రాత్రి, ఎవరో ఆ 110/70 చూసి పేషెంటు దగ్గరికి పోకుండా ఉండిపోతే? ఆమే స్వయంగా వచ్చి మీతో పాటు సంతకం పెడితే ఇద్దరికీ బలం. భయపడి పెట్టనంటే బలవంతం చేయకండి. అడిగినప్పుడు మాత్రం ఉన్నది చెప్పండి.

ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే జైలంటగదా అని కూడా అడిగారు. సమాచార సాంకేతిక చట్టం 66సీ సెక్షన్ ఉన్న మాట నిజమే. మూడేళ్ళ వరకు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. అయితే అది మోసపు ఉద్దేశంతో వాడినవాళ్ళకు. సాయం చేయబోయిన పిల్ల మీదికి ఆ సెక్షన్ అంత తేలిగ్గా రాదు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి. 2000లో ఈ చట్టం వచ్చినప్పటి నుంచి ఎలక్ట్రానిక్ రికార్డుకు కాగితంతో సమానమైన విలువ ఉంది. మీ లాగిన్‌లో పడిన ప్రతి అక్షరం కింద మీ సంతకం ఉన్నట్టే లెక్క. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి వార్డులో వదిలేసి వస్తారా? ఆ కీబోర్డు కింది చీటీ అదే. ఈ రాత్రే తీసేసి పాస్‌వర్డ్ మార్చుకోండి. వార్డంతా అదే అలవాటైతే తప్పు మనుషుల్లో మాత్రమే లేదు. 28 పడకలకు ఒకే కంప్యూటర్ పెట్టి, ఒకరు బయటికొచ్చి ఇంకొకరు లోపలికి పోవడానికి నిమిషాలు పట్టేలా చేస్తే ఎవరైనా తెరిచి ఉన్న లాగిన్‌లోనే కొడతారు. ఇన్సిడెంట్ రిపోర్టులో ఈ వాక్యం కూడా ఉండాలి.

ఒక చోట మీతో నాకు పేచీ ఉంది. కాగితం రోజుల్లో అబద్ధానికి తావు లేదని రాశారు. మీరు రాయలేదేమో, నమ్ముతాను. కానీ తెల్లవారి ఆరింటికి ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, పదింటిదీ రెండింటిదీ ఆరింటిదీ టెంపరేచర్లు వరుసగా నింపిన చార్టులు మీరు చూడలేదా? అన్నీ 98.6. వార్డులో పనిచేసిన ఏ సిస్టర్‌ని అడిగినా నవ్వుతుంది. కాగితానికి గడియారం లేదు కాబట్టి అది చెల్లింది. కంప్యూటర్‌కు ఉంది. రెండింటి బీపీ ఆరు దాటాక ఎక్కిందని అదే రాసి పెడుతుంది. నర్సులకు ఈ కంప్యూటర్ల మీద ఉన్న కోపంలో సగం పని పెరిగినందుకు, ఇంకో సగం ఎవరో నెత్తి మీద నిలబడి చూస్తున్నట్టు ఉన్నందుకు. ఆ రెండో సగంలో కొంత న్యాయం ఉంది, కొంత లేదు.

మంచి కూడా ఉంది, అది మీ చిన్న సిస్టర్లే చెబుతారు. డాక్టరు రాసిన మందు పేరును నలుగురు చుట్టూ చేరి చదవక్కర్లేదు. పాత కేస్ షీట్ కోసం రికార్డు రూముకు పరుగెత్తక్కర్లేదు. పెన్సిలిన్ పడదని ఒకసారి ఎక్కిస్తే ప్రతిసారీ కనపడుతుంది. బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో పేషెంటు చేతి పట్టీనీ, మందునూ బార్‌కోడ్‌తో పోల్చి చూశాకే ఇచ్చే పద్ధతి పెడితే, మందులివ్వడంలో జరిగే పొరపాట్లు, వేళ తప్పినవి కాక మిగతావి, 41 శాతం తగ్గాయని 2010లో లెక్క తేల్చారు. అదే అమెరికాలో ఎమర్జెన్సీ డాక్టర్లు పది గంటల షిఫ్టులో 4000 దాకా క్లిక్కులు కొడుతున్నారని 2013లో ఇంకో లెక్క వచ్చింది. రెండూ నిజమే. అక్కడ బార్‌కోడ్ మిషను పేషెంటు మంచం దగ్గరికే వస్తుంది. మీ దగ్గర బండి బ్యాటరీ అర్ధరాత్రికి పోతుంది. మంచం దగ్గర చూసింది మంచం దగ్గరే ఎక్కించగలిగితే కంప్యూటర్ మేలు చేస్తుంది. చేతి మీదో, గ్లౌజుల డబ్బా మీదో రాసుకొచ్చి మూడు గంటల తర్వాత ఎక్కించాలంటే అది మేలూ కాదు, రికార్డూ కాదు.

అందుకే డబుల్ పని గురించి ఒంటరిగా కాక, వార్డు సిస్టర్లు నలుగురైదుగురు కలిసి అడగండి. "కంప్యూటర్ వద్దు" అని వెళ్తే పాతకాలం వాళ్ళని పక్కన పెట్టేస్తారు. "బీపీ, పల్స్, టెంపరేచర్ కంప్యూటర్‌లో మాత్రమే రాస్తాం, కాగితం మీద ఆపండి. డాక్టర్లు మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లో పెట్టేదాకా మందుల చార్టు కాగితం మీద మాత్రమే ఉండనివ్వండి" అని వెళ్ళండి. ఏ ఒక్క అంకె రెండు చోట్ల ఉండకూడదన్నదే అడగాల్సింది. రెండు చోట్ల ఉన్నది ఏదో ఒకరోజు తేడా వస్తుంది, మీ ఫైలే అందుకు రుజువు. ఒక వారం పాటు ఛార్జ్ ఇచ్చాక ఎవరెవరు ఎన్ని నిమిషాలు కూర్చున్నారో ఒక పుస్తకంలో రాసి ఆ లెక్క చూపించండి. నిమిషాలు చూపిస్తే యాజమాన్యం వింటుందని కాదు, ఓవర్‌టైమ్ అన్న మాట వాళ్ళంతట వాళ్ళకే గుర్తొస్తుంది. బండికి కొత్త బ్యాటరీ అన్నిటికన్నా చవక. ముందు అదే ఇస్తారు. తీసుకోండి.

టైపింగ్ చిన్న విషయం, దానికి మీరు అంత కుంగిపోవడం బాధేసింది. నర్సు కొట్టేది కథలు కాదు, ఎక్కువ భాగం అంకెలే. కీబోర్డు కుడి పక్కనున్న అంకెల మీటలు చూడకుండా కొట్టడం వస్తే మీ పని సగం తేలికవుతుంది. కొడుకు నేర్పిస్తానన్నాడని రాశారు కదా, నేర్పనివ్వండి. ఇంట్లో రోజూ కాసేపు చాలు. నోట్స్ కోసం మీరు మామూలుగా రాసే పది పన్నెండు వాక్యాలను ఇంగ్లీషులో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. కీబోర్డు కింద ఉండాల్సిన చీటీ అది. కానీ "పేషెంట్ కంఫర్టబుల్" అన్న రెడీమేడ్ వాక్యాన్ని పేషెంటు ముఖం చూడకుండా నొక్కకండి.

పరకాల నర్సింగ్ హోమ్ సంగతి. పోవచ్చు. ఇంటికి దగ్గర, తెలిసిన ఊరు, బస్సు ఖర్చు మిగులుతుంది. జీతం తగ్గుతుంది, పీఎఫ్ ఉంటుందో లేదో కనుక్కోండి. ఒంట్లో ఓపిక, ఇంట్లో మనశ్శాంతి కోసం వెళ్తే అది మంచి నిర్ణయమే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కంప్యూటర్ నుంచి తప్పించుకోవడానికి మాత్రం వెళ్ళకండి, అక్కడికీ వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడే ఆపరేషన్ అనుమతి నుంచి డిశ్చార్జి దాకా ఆన్‌లైన్‌లో పెట్టడం మన ఆసుపత్రులు నేర్చుకున్నాయి. 2021 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటా మొదలుపెట్టాక, ఓపీ చీటీ దగ్గర 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్ అడగడం చిన్న ఊళ్ళలోనూ మామూలైంది. సర్కారు కొలువు రాస్తానంటే నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష కూడా కంప్యూటర్ మీదే. పైగా పేజీ గొడవ తేలకుండా రాజీనామా ఇస్తే, మీరు లేని చోట ఆ ఫైల్ గురించి చెప్పేది మిగతావాళ్ళే. తేల్చుకుని వెళ్ళండి, లేదా తేల్చుకుని ఉండండి.

ఉండేటట్లయితే ఇంకో మాట. ఏ అంకె చూస్తే డాక్టర్ని లేపాలో మీకు తెలుసు. ఏ బటన్ ఎక్కడుందో ఆ అమ్మాయికి తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు మార్పుల కోసం వచ్చినప్పుడు యాజమాన్యం సాధారణంగా ఆ అమ్మాయిలాంటి వాళ్ళనే కూర్చోబెడుతుంది. మిమ్మల్ని కూడా కూర్చోబెట్టమని అడగండి. పాత అంకెను మళ్ళీ తెచ్చే బటన్ బీపీ, పల్స్‌లకు తీసేయమని చెప్పాల్సింది మీరే. ఇంకెవరికీ దాని అవసరం ఇంత బాగా తెలియదు.

చివరిది, ఫోటో. మీ భయం అర్థమైంది, ఆ పేజీ మాయమైతే మీ దగ్గర ఏం మిగులుతుందని. కానీ అది పేషెంటు రికార్డు. ఆమె పేరు, జబ్బు మీ సొంత ఫోన్‌లో ఉండటం ఆమె గోప్యతకు భంగం, ఆసుపత్రి దాన్నే పట్టుకుని మీ మీదికి రావచ్చు. అసలు సంగతి పోయి ఫోటో సంగతి పైకొస్తుంది. వాట్సాప్‌లో ఎవరికైనా పంపారంటే ఇంకా పెద్ద తలనొప్పి. దాని బదులు ఈరోజే, గుర్తున్నది గుర్తున్నట్టు, పేషెంటు పేరు లేకుండా ఆ రాత్రి జరిగింది ఒక తెల్లకాగితం మీద రాసి తేదీ వేసి సంతకం పెట్టి ఇంట్లో ఉంచుకోండి. పేజీ మార్చమని ఎవరు, ఏ రోజు, ఏ మాటల్లో చెప్పారో కూడా. తర్వాత క్వాలిటీ విభాగానికి ఇన్సిడెంట్ రిపోర్టు ఇస్తూ, అసలు కేస్ షీట్‌ను ఉన్నది ఉన్నట్టు భద్రపరచమని అందులోనే ఒక వాక్యం చేర్చండి. ఫారం మెడికల్ రికార్డ్స్ వాళ్ళకు కూడా ఒక కాపీ వెళ్ళేలా చూడండి. ఆ వాక్యం రెండు చోట్ల నమోదయ్యాక ఆ పేజీని ముట్టుకోవడానికి ఎవరూ అంత తొందరపడరు. మేడంతో మాట్లాడటానికి ఫారం ఇచ్చేదాకా ఆగకండి, ముందే వెళ్ళండి. ఐసీయూకు ఎందుకు మార్చామో చెప్పే కాగితం అదొక్కటేనని ఆమెకే మొదట చెప్పండి. ఆమె కూడా ఒకప్పుడు నైట్ డ్యూటీలు చేసిన సిస్టరే కాబట్టి, మెమో అన్న మాట అక్కడే వెనక్కి తీసుకునే అవకాశం లేకపోలేదు.